కట్టెల మోపు నుంచి ఊరి ఉమ్మడి దాకా: మార్క్స్ కాగితాలతో పాలమూరు, నల్లగొండ ప్రయాణం

మొదటి రోజు: మన్ననూరు

దీపావళి వెళ్ళిన మూడో నాడు తెల్లవారుజామున హైదరాబాదు నుంచి శ్రీశైలం రోడ్డు పట్టుకుని బయలుదేరాం. కారు నడిపేది మా మేనల్లుడు, విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం చదువుతున్నాడు. వెనక సీట్లో నా సంచి, అందులో నాలుగు కట్టలుగా కుట్టించుకున్న జిరాక్సు కాగితాలు ఉన్నాయి. మొదటి కట్టలో కార్ల్ మార్క్స్ 1842లో రాసిన పత్రికా వ్యాసాలు, రెండో దానిలో 1853లో భారతదేశం గురించి రాసినవి, మూడో దానిలో 1867 నాటి ఆయన పెద్ద గ్రంథం ‘పెట్టుబడి’ నుంచి కొన్ని పుటలు, నాలుగో దానిలో 1880, 1881 సంవత్సరాల్లో ఆయన రాసిన చివరి కాగితాలు.

ఈ ప్రయాణం ఎందుకో ముందే చెప్పుకోవాలి. కాలేజీ రోజుల్లో రాత్రిపూట జరిగిన ఒక అధ్యయన తరగతిలో 1853 వ్యాసాలను మాకు చివరి మాటగా చెప్పారు. భారతీయ గ్రామం కదలిక లేని మడుగు అనీ, దాన్ని బద్దలుకొట్టిన ఆంగ్లేయుడు తనకు తెలియకుండానే చరిత్ర పనిముట్టు అయ్యాడనీ నేర్చుకున్నాను. తర్వాత ముప్ఫై ఏళ్ళు జూనియర్ కాలేజీలో చరిత్ర బోధిస్తూ ఆ పాఠమే పిల్లలకు చెప్పాను. 1881 నాటి చిత్తుప్రతులు నా కంట పడింది ఉద్యోగ విరమణకు రెండేళ్ళ ముందు. అదే గ్రామ ఉమ్మడి భూమిని ఆంగ్లేయులు నాశనం చేయడం విధ్వంసం తప్ప మరేమీ కాదనీ, అది ప్రజలను ముందుకు కాక వెనక్కి నెట్టిందనీ అదే మనిషి అందులో రాశాడు. ఇరవై ఎనిమిదేళ్ళలో ఆ మనిషిలో ఏం జరిగిందో గదిలో కూర్చుని చదివితే నాకు పూర్తిగా పట్టుబడలేదు. మా జిల్లాల్లోనే ఆ కాగితాలు విప్పి చూడాలనిపించింది.

మన్ననూరు దాటి అడవి రోడ్డు మీద కొంత దూరం వెళ్ళాక ఒక చెంచు అవ్వ కట్టెల మోపు దించుకుని చెట్టు మొదట్లో కూర్చుని ఉంది. అడవి తీగను తాడుగా పేని కట్టిన మోపు. మణికట్టు మందం దాటిన కట్టె అందులో ఒక్కటీ లేదు. బెరడు ఊడిపోయి బూడిద రంగుకు తిరిగిన పుల్లలే అన్నీ. మేము కారు దిగి మంచినీళ్ళ సీసా ఇవ్వబోయేలోపే ఆమె అంది: “ఎండు పుల్లలే సారూ. పచ్చి కొమ్మ ముట్టలే.”

“మేం ఫారెస్టోళ్ళం కాదవ్వా” అన్నాడు మేనల్లుడు. ఆమె నీళ్ళు తాగింది గాని మోపు మీద నుంచి చెయ్యి తియ్యలేదు.

ఎవరూ అడగకముందే ఆమె చెప్పుకున్న సంజాయిషీ లాంటి దానితోనే మార్క్స్ ఆలోచనా జీవితం ఒక మలుపు తిరిగింది. 1818 మే 5న రైన్ ప్రాంతంలోని ట్రియర్‌లో న్యాయవాది ఇంట పుట్టి, బాన్‌లోనూ బెర్లిన్‌లోనూ చదివి, 1841లో ప్రాచీన గ్రీకు తత్త్వవేత్తలు డెమోక్రిటస్, ఎపిక్యూరస్‌ల ప్రకృతి తత్త్వాల మీద డాక్టరేటు తెచ్చుకున్న ఆ యువకుడు, ఇరవై నాలుగేళ్ళ వయసులో కొలోన్ నగరంలోని ‘రైనిష్ జైటుంగ్’ పత్రికకు సంపాదకుడయ్యాడు. అప్పటికి ఆయనకు రాజ్యమంటే వివేకం, చట్టమంటే వివేకానికి రూపం. అడవిలో రాలిన పుల్లలు ఏరుకోవడాన్ని కూడా దొంగతనంగా లెక్కకట్టే చట్టం మీద రైన్ ప్రాంత సభలో జరిగిన చర్చను ఆయన 1842 అక్టోబరు, నవంబరు నెలల్లో వరుస వ్యాసాలుగా విమర్శించాడు. పాము విడిచిన కుబుసానికి పాముతో ఎంత సంబంధమో, రాలిన పుల్లకు నిలబడిన చెట్టుతో అంతే సంబంధమని వాదించాడు. పేదవాడు తరతరాలుగా అనుభవిస్తున్న ఆచార హక్కును చట్టం దొంగతనమనడం, అడవి యజమాని దగ్గర జీతం తీసుకునే కాపలాదారుడే పోయిన కట్టెకు వెల కట్టడం, అడవి పళ్ళు ఏరుకునే పిల్లలను కూడా నేరస్థులను చేయడం, ఇవన్నీ చూశాక రాజ్యం వివేకానికి కాదు, ఆస్తికి ఊడిగం చేస్తోందన్న అనుమానం ఆయనలో నాటుకుంది. భౌతిక ప్రయోజనాల గురించి మాట్లాడవలసి వచ్చి మొదటిసారి తాను ఇబ్బంది పడింది అప్పుడేనని 1859లో ఆయనే రాసుకున్నాడు. ఆ వ్యాసాలు వచ్చిన మరుసటి ఏడే, 1843లో, ప్రభుత్వం ఆ పత్రికను మూయించింది.

నల్లమల చెంచులకు 2006 అటవీ హక్కుల చట్టం తేనె, జిగురు, కుంకుడు, తునికాకు వంటి చిన్నతరహా ఫలసాయం మీద హక్కును కాగితం మీద ఇచ్చింది. 2019లో ఇదే అమ్రాబాద్ అడవిలో యురేనియం అన్వేషణ మాట వచ్చినప్పుడు పెంటల్లోని (అడవి గూడేల్లోని) చెంచులూ చుట్టుపట్ల ఊళ్ళవాళ్ళూ ఎదురు నిలిచారు, ఆ సెప్టెంబరులో శాసనసభ తవ్వకాలు వద్దని తీర్మానించింది. అంత జరిగినా ఒక ముసలావిడ ఎండు పుల్లలకు సంజాయిషీ చెప్పుకుంటోంది. మోపు ఎత్తడానికి చెయ్యి సాయం చేశాను. ఆమె తల మీదికి చేరాక ఆ బరువు నా భుజంలో చాలాసేపు ఉండిపోయింది.

రెండో రోజు: మా ఊరు, మక్తల్ వైపు

అచ్చంపేటలో రాత్రి ఉండి, పొద్దున నాగర్‌కర్నూల్, జడ్చర్ల మీదుగా పాలమూరు చేరి, అక్కడి నుంచి దేవరకద్ర దాటి మధ్యాహ్నానికి మా ఊరు వెళ్ళాం. వానాకాలం పంట ఇంటికి చేరే రోజులవి. నా చిన్నతనంలో ఈ రోజులంటే మేస్త్రీలు తిరిగే రోజులని అర్థం. గుంపు మేస్త్రీ ఇంటింటికీ వచ్చి, అడ్వాన్సు ఇచ్చి, కాగితం మీద వేలిముద్ర వేయించుకుని పోయేవాడు. ఆ తర్వాత ఏదో ఒక రాత్రి లారీ వచ్చేది. పొద్దున లేచి చూస్తే సగం ఊరికి తాళాలు. ముసలివాళ్ళూ పసిపిల్లలూ గొడ్లూ మిగిలేవాళ్ళం. దేశంలో ఎక్కడ ఆనకట్ట కడుతున్నా, కాలువ తవ్వుతున్నా, రోడ్డు వేస్తున్నా అక్కడ పాలమూరు లేబరు ఉండేదని అందరూ అంటారు. మా నాయన వాళ్ళలో ఒకడు.

చిన్నాయన ఇంకా ఉన్నాడు. దూలానికి వేలాడే నాయన తట్టను దించి చూపించాడు. ఇనుప తట్ట, అంచు ఒకవైపు కాగితంలా పలచబడింది. చుట్టబట్ట మీద ఎప్పుడూ ఒకే వైపు ఆనించి, ఒకే చేత్తో విసిరి పోయడం వల్ల ఆ అరుగుదల వచ్చిందని అన్నాడు. మట్టి పని కొలత సంగతి మేనల్లుడికి ఆయనే వివరించాడు. ఎంత లోతు తవ్వారో తెలియడానికి గుంత నడిమధ్య ఒక మట్టి దిమ్మెను ముట్టకుండా వదిలేస్తారు, టేపు దాని మీద పెట్టి లెక్క కడతారు.

“రాత్రిపూట ఎవడో వచ్చి దిమ్మె నెత్తి చెక్కేటోడు బిడ్డా. తెల్లారి కొలిస్తే జానెడు తక్కువొచ్చేది. జానెడంటే ఎన్ని తట్టలు? మీ నాయన ఒకపారి దిమ్మె పక్కనే పండుకున్నడు కావలికి. మేస్త్రీ పని నుంచి తీసేసిండు.”

ఆ మాట నేను మొదటిసారి విన్నాను. నాయన చెప్పలేదు.

సంచిలోంచి మూడో కట్ట తీసి, సంచార కూలీల గురించిన భాగాన్ని చిన్నాయనకు తెలుగులో చెప్పాను. ఇంగ్లండులో కట్టడాలకూ, నీటి కాలువలకూ, ఇటుక, సున్నం బట్టీలకూ, రైలుమార్గాలకూ ఊరూరా తిరిగే పల్లె కూలీలను మార్క్స్ పెట్టుబడి పదాతి దళం అన్నాడు. పెట్టుబడి తన అవసరాన్ని బట్టి ఇవాళ ఇక్కడికి, రేపు అక్కడికి విసురుతుంది, నడక లేనప్పుడు వాళ్ళు గుడారాల్లో ఉంటారు, ఇరుకు గుడిసెల్లో మశూచి, కలరా, విషజ్వరం వాళ్ళతోపాటే తిరుగుతాయి. ఈ వివరాలను ఆయన ఊహించి రాయలేదు. ప్రభుత్వ ఆరోగ్యాధికారులూ ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్లూ సమర్పించిన నివేదికలను బ్రిటిష్ మ్యూజియం పఠనాలయంలో ఏళ్ళ తరబడి చదివి, వరుసలు వరుసలుగా ఎత్తి రాసుకుని, వాటిలోంచి తీశాడు. పారిస్‌లో 1844లో రాసుకున్న కాగితాల్లో కూలివాడు తన శ్రమకు తానే పరాయివాడవుతున్నాడన్న తాత్త్విక భాషలో మాట్లాడిన మనిషి, 1867 వచ్చేసరికి ఎన్ని గంటలు, ఎంత కూలి, గదికి ఎందరు అని అడిగేవాడయ్యాడు. మొదటి మాట వదిలిపెట్టాడని కొందరు పండితులు అంటారు, నాకు ఆ మాట ఒప్పుదల కాదు. దిమ్మె నెత్తిన పోయిన ఆ జానెడు మట్టి కథలో ఆ రెండు మాటలూ ఒకటే.

ఈ మధ్య ఏళ్ళల్లో కృష్ణా నీళ్ళు ఎత్తిపోతలతో కొన్ని మండలాలకు చేరాయి. వలస ఆగిపోలేదు గాని పలచబడింది. మా ఊరి పొలాల్లో నాట్లు వేయడానికి ఇప్పుడు బీహారు నుంచి కూలీలు వస్తున్నారు. వాళ్ళు బడి వెనక రేకుల షెడ్డులో ఉంటారట. “వాళ్ళకూ మేస్త్రీ ఉన్నడా?” అని అడిగాను. “మేస్త్రీ లేకుంటె ఎట్లొస్తరు?” అన్నాడు చిన్నాయన.

మూడో రోజు: నల్లగొండ దారి

కల్వకుర్తి, దేవరకొండ మీదుగా రోజంతా ప్రయాణం. చెప్పుకోదగ్గది ఏమీ జరగలేదు. రాత్రి నల్లగొండ లాడ్జిలో మేనల్లుడు మార్క్స్ జీవితం గురించి అడిగితే లండన్ సంగతులు చెప్పాను. 1849లో దేశబహిష్కృతుడిగా అక్కడ దిగాక, సోహోలోని రెండు గదుల ఇంట్లో ఉండగా ముగ్గురు పిల్లలు చనిపోయారు. 1852లో పోయిన పసిపాప ఫ్రాంజిస్కా శవపేటికకు ఆయన భార్య జెన్నీ పొరుగునున్న ఫ్రెంచి శరణార్థి దగ్గర అప్పు తెచ్చింది. అదే ఏడు కోటు కుదువలో ఉండటంతో బయటికి వెళ్ళలేకపోతున్నానని ఆయన తన మిత్రుడు ఎంగెల్స్‌కు రాశాడు. భారతదేశం మీద 1853 వ్యాసాలు న్యూయార్క్ పత్రికకు పొట్టకూటి కోసం రాసినవి. మేనల్లుడు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

నాలుగో రోజు: పానగల్లు చెరువు, సూర్యాపేట వైపు ఒక ఊరు

నల్లగొండను ఆనుకునే పానగల్లు ఉంది. కందూరు చోడుల నాటి ఉదయసముద్రం చెరువు కట్ట మీద పొద్దున్నే నడిచాం. ఎనిమిది, తొమ్మిది వందల ఏళ్ళ కిందటి ఆ చెరువులోకి ఇప్పుడు కృష్ణా నీళ్ళు వస్తాయి. రెండో కట్ట కాగితాలు అక్కడే విప్పాను.

1853 జూన్ 25న అచ్చయిన వ్యాసంలో మార్క్స్ ఆసియా ప్రభుత్వాలకు మూడే శాఖలుండేవని రాశాడు: ఇంటిని దోచే ఖజానా, పొరుగును దోచే సైన్యం, ప్రజాపనులు. ఆంగ్లేయులు మొదటి రెంటినీ తీసుకుని మూడోదాన్ని గాలికి వదిలేయడం వల్లనే ఇక్కడి సేద్యం పాడైందన్నాడు. మా నిజాం రాజ్యం నేరుగా వాళ్ళ పాలనలో లేదు గాని, చెరువు లేనిది ఊరు లేని ఈ నేల మీద నిలబడి చదివితే ఆ పరిశీలన ఎంత సూటిదో తెలుస్తుంది. గ్రామ ఉద్యోగుల జాబితా ఒకటి బ్రిటిష్ పార్లమెంటు నివేదిక నుంచి ఆయన ఎత్తి చూపాడు. అందులో చెరువులూ కాలువలూ చూస్తూ పొలాలకు నీళ్ళు పంచే మనిషి ఉన్నాడు. అది చదివినప్పుడల్లా నాకు ఒళ్ళు జలదరిస్తుంది. వాడు మన నీరటికాడే. తూము ఎప్పుడు ఎత్తాలో, మత్తడి దూకే ముందు ఏ మడికి ఎంత పారాలో తెలిసినవాడు. ఈ దేశాన్ని ఎన్నడూ చూడని మనిషి లండన్‌లో కూర్చుని అతన్ని గుర్తుపట్టాడు.

గుర్తుపట్టినా తీర్పు కఠినంగానే ఇచ్చాడు. ఈ చిన్న సముదాయాలు కులంతోనూ బానిసత్వంతోనూ మలినమయ్యాయనీ, మనిషి మనసును ఇరుకు గిరిలో బంధించాయనీ రాశాడు. కులం గురించి ఆ మాట తప్పని నేను అనను, అనలేను. నీరటికాడి ఇంటివాళ్ళే దొర గడిలో వెట్టి చేశారు. ఆ వ్యాసాల్లో తప్పు మరొకచోట ఉంది. గ్రామానికి తనంతట తాను మారే శక్తి లేదనీ, బయటి నుంచి ఒకడు వచ్చి పగలగొట్టాలనీ అనుకోవడంలో ఉంది.

మధ్యాహ్నం సూర్యాపేట వైపు ఒక ఊళ్ళో తొంభై దాటిన తాతను కలిశాం. గడి కూలిపోయి, దర్వాజా కమాను ఒక్కటే నిలిచింది. తాత ఆ కమాను కిందే అరుగు మీద కూర్చుంటాడట రోజూ. నాగుకు, అంటే వడ్డీకి, తెచ్చుకున్న వడ్లు తీరక తండ్రి భగేలాగా, అంటే అప్పు కింద కట్టుబడిన జీతగాడిగా, ఉండిపోయిన సంగతి చెప్పాడు. అటువంటి జీతగాళ్ళ ఒప్పందాల మీద నిజాం ప్రభుత్వం 1936లోనే నిబంధన తెచ్చింది గాని అది ఈ గడప దాకా రాలేదు. 1944లో భువనగిరిలో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన ఆంధ్ర మహాసభ జరిగాక, ఊళ్ళవాళ్ళు సంఘమని పిలిచే ఆ సభ ఊళ్ళోకి వచ్చింది.

“సంఘమొచ్చినంక దొర ముంగట చెప్పులేసుకొని నడిచిన. అదే మొదలు” అన్నాడు తాత.

“భూమి వచ్చిందా తాతా?” అని మేనల్లుడు అడిగాడు.

“వచ్చింది. పోయింది. మల్ల రెండెకరాలు మిగిలింది. భూమి పంచిన రాత్రి ఊరంతా ఈడనే కూసున్నరు, ఎవరికి ఎంతని. మాదిగోళ్ళు, సాకలోళ్ళు, కాపోళ్ళు ఒక్కతాన కూసునుడు నేనెన్నడు సూడలే, అంతకుముందు.”

1946 నుంచి 1951 అక్టోబరులో విరమించేదాకా సాగిన ఆ తెలంగాణ సాయుధ పోరాటంలో సుమారు 3,000 గ్రామాల్లో 10 లక్షల ఎకరాలు పంచామని నాయకులు లెక్క చెప్పారు. నన్ను ఆపింది ఆ అంకెల కంటే కమాను కింద కూర్చున్న ఆ రాత్రి. ఊరు పాత ఊరుగా మిగల్లేదు, బయటివాడు పగలగొట్టనూ లేదు. తనలోని కులాన్నీ దొరతనాన్నీ ఎదిరించడానికి ఊరు తన కలిసి కూర్చునే అలవాటునే వాడుకుంది. 1853 వ్యాసాల్లో దీనికి చోటు లేదు. 1881 కాగితాల్లో ఉంది.

అయిదో రోజు: పోచంపల్లి

జెనీవాలో ప్రవాసంలో ఉన్న రష్యన్ విప్లవకారిణి వేరా జసూలిచ్ 1881 ఫిబ్రవరిలో మార్క్స్‌కు రాసింది. రష్యా పల్లెల్లో ఉమ్మడి భూమి ఉన్న కమ్యూన్ తప్పక నశించి, మొదట పెట్టుబడిదారీ విధానం రావాల్సిందేనా, లేక అక్కడి నుంచే సోషలిజానికి దారి ఉందా అని అడిగింది. అప్పటికి ఆయనకు అరవై రెండేళ్ళు, ఊపిరితిత్తులూ కాలేయమూ బాగాలేవు, జెన్నీ మంచం పట్టింది. నాలుగు చిత్తులు రాసి, మార్చి 8న ఒక చిన్న ఉత్తరం మాత్రం పంపాడు. ‘పెట్టుబడి’లో తాను చెప్పిన అనివార్యత పశ్చిమ ఐరోపా దేశాలకే పరిమితమనీ, కమ్యూన్‌ను బయటి నుంచి నొక్కే శక్తులను తొలగిస్తే అది రష్యా నవజీవనానికి ఊతం కాగలదనీ అందులో ఉంది. చిత్తుప్రతులు 1924 దాకా అచ్చు కాలేదు. ఆ నిర్ణయానికి రావడానికి ఆయన రష్యన్ భాష నేర్చుకున్నాడు. భారతదేశంలోనూ అల్జీరియాలోనూ ఉమ్మడి భూమి ఎలా చెదిరిందో చెప్పే రష్యన్ పండితుడు కొవలేవ్‌స్కీ పుస్తకం నుంచి పుటల కొద్దీ ఎత్తి రాసుకుని, ఇక్కడి వ్యవస్థను యూరప్ ఫ్యూడలిజం పేరుతో పిలవొద్దని అంచుల్లో రచయితతో తగాదా పెట్టుకున్నాడు. తాను కట్టిన సిద్ధాంతం తనకే అడ్డొస్తే దాన్ని పక్కకు జరిపి మళ్ళీ చదవడం మొదలుపెట్టిన ఆ ముసలివాడంటే నాకు గౌరవం. పాఠం మార్చకుండా ముప్ఫై ఏళ్ళు చెప్పినవాడిగా ఈ మాట అంటున్నాను.

భువనగిరి మీదుగా పోచంపల్లి చేరేసరికి పదకొండయింది. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే ముందు ఇక్కడి దళితులు 80 ఎకరాలు అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానన్న చోటు చూశాం. పోరాటం ఇంకా నడుస్తున్న రోజులవి. ఇచ్చినవాడి మంచితనాన్ని కాదనను గాని, అంతకుముందు అయిదేళ్ళుగా అడిగినవాళ్ళు లేకుండా ఆ దానాన్ని ఊహించలేను.

అక్కడి నుంచి ఒక పద్మశాలి ఇంటికి వెళ్ళాం. గుంట మగ్గం మీద మామ నేస్తున్నాడు, పక్క గదిలో కోడలు ఆసు యంత్రం దగ్గర ఉంది. పోచంపల్లి చీరకు చిటికి (రంగు అంటకుండా నూలుకు వేసే కట్టు) కట్టే ముందు నూలును అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల చుట్టూ పోయాలి. ఒక్క చీరకు వేలసార్లు చెయ్యి అటూ ఇటూ ఆడించాలి, ఆ పని ఎప్పుడూ ఆడవాళ్ళదే, భుజాలు పడిపోయేవి. తల్లి లక్ష్మి బాధ చూడలేక ఆలేరు దగ్గరి చింతకింది మల్లేశం ఏళ్ళ తరబడి తంటాలు పడి 1999లో ఈ యంత్రాన్ని తయారు చేశాడు. యంత్రం వేరు, దాన్ని పెట్టుబడి వాడుకునే తీరు వేరనీ, ఆ తేడా గ్రహించడానికి కార్మికులకు కాలమూ అనుభవమూ పట్టాయనీ మార్క్స్ రాశాడు. ఇంగ్లండు మరమగ్గం మన నేతగాళ్ళ ఎముకలను మైదానాల్లో తెల్లబరిచిందని ఒక గవర్నర్ జనరల్ రాసిన మాటగా ఆయన ‘పెట్టుబడి’లో ఎత్తి చూపాడు కూడా. ఈ గదిలో యంత్రం నూలు పోస్తోంది, కోడలు పక్కన కూర్చుని తెగిన పోగు ముడి వేస్తోంది, ఆమె భుజం కదలడం లేదు.

“యంత్రం మాదే సారూ, లోను మీద తెచ్చుకున్నం. నూలు షావుకారుది. చీర షావుకారుది. కూలి మాది” అంది.

నాలుగో కట్ట చివర ఉన్న కాగితాలు తీశాను. 1880లో ఫ్రెంచి కార్మికుల కోసం మార్క్స్ తయారు చేసిన సుమారు వంద ప్రశ్నల పట్టిక అది. మీ బాధలు మీరే చెప్పగలరు, మీరే చెప్పాలి అని దాని ముందుమాట. పని ఎన్ని గంటలు, మధ్యలో తీరిక ఎంత, గది ఎంత వెడల్పు, పిల్లలు చేస్తారా, పనికి పోయి రావడానికి ఎంత సమయం పోతుంది అని ఒక్కొక్కటే తెలుగులో అడుగుతుంటే ఆమె జవాబులిచ్చింది, మేనల్లుడు రాసుకున్నాడు. లెక్కన కూలి తీసుకునేవాళ్ళకు సరుకు బాగాలేదన్న సాకుతో కోత పెడతారా అన్న ప్రశ్న వచ్చినప్పుడు మామ మగ్గం ఆపాడు.

“అది గూడ రాసి ఉన్నదా?”

“ఉన్నది పెద్దాయనా.”

“పోయిన నెల రంగు పారిందని రెండు చీరలకు కోసిండు. అవే చీరలు దుకాణంల నిండు ధరకు అమ్మిండు, నేను చూసిన. రాయి బిడ్డా, అది రాయి.” గుంటలోంచి కాళ్ళు పైకి తీసి, లుంగీకి చేతులు తుడుచుకుని మా దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. “ఇంకెన్నున్నయి?”

ఇంకా అరవై దాకా ఉన్నాయని చెప్పాను. కోడలు యంత్రం ఆపి, చాయ్ పెట్టడానికి లేచింది.